హిందూపురము నుండి ధర్మవరమునకు

బెంగుళూరు నుండి గుంతకల్లు వైపునకు పోవు రైలులో ఉదయమే కూర్చుండినచో, గౌరీబిదనూరు దాటిన కొంతసేపటికి కన్నడదేశపు ఎల్ల గడచి తెలుగుసీమలో ప్రవేశింతుము. ఎల్ల దాటితిమని కంటికి మాత్రము తోచదు. అవే గుండ్రాళ్ల గుట్టలు, అవే చింతచెట్లు, అవే మల్బరీ తోటలు. చెవికే ఆ భేదము తెలియును. అంతవరకు కన్నడమున టీ, టీ యని తిరుగుచున్న పిల్లవాడు మమ్ము చూచి, "అమ్మా, వేడిగా ఉంది, తాగండి" యని తెలుగున పిలిచెను. ఆ పిలుపుతోడనే మేము ఇంటికి చేరినట్లయ్యెను. ఒక భాష మనస్సును ఇంత తేలికగా తెరచునా యని అప్పుడే యనుకొంటిమి. ఆ తలపు ఈ ప్రయాణమంతయు మమ్ము వెన్నంటి వచ్చినది.

హిందూపురము వర్తకుల పట్టణము. మురారిరావు తన తండ్రియగు హిందూరావు పేర దీనిని నిలిపెనని చెప్పుదురు. చింతపండు, బెల్లము, మిరపకాయలు, పట్టుగూళ్లు ఇచ్చటి బేరములు. బజారులో నడచినచో ముందు చింతపండు పులుపును, తరువాత బెల్లపు తీపును, ఆపైన మిరపఘాటును ముక్కునకు సోకి, తలుపు తట్టకయే ఏ వీధికి వచ్చితిమో తెలిసికొనవచ్చును. చిరకాలము అనంతపురము జిల్లాలో నుండిన ఈ ఊరు, పెనుగొండ, ధర్మవరములతో కూడ 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. వీరభద్రాలయమునకు పేరుపడిన లేపాక్షి ఇచ్చటికి సమీపముననే కలదు. కాని ఈ పర్యాయము మేము లేపాక్షికి పోలేదు.

మా ప్రయాణమునకు పైకి రెండు పనులు. హిందూపురమున కాపురముండు మా ఆడుబిడ్డను, ఆమె అత్తగారిని వెంటబెట్టుకొని ధర్మవరమునకు పోయి పెండ్లిచీరలు కొనవలెను. దారిలో పెనుగొండ దిగి బాబయ్య దర్గాలో అత్తగారి మ్రొక్కు చెల్లింపవలెను. మూడవ పని యొకటి కలదు. దానిని ఎవరమును నోటితో అనలేదు. మా మరదలు మంగళవారమునాడు మరల బెంగుళూరు వచ్చి తన చికిత్సను సాగించునా, లేక అంతటితో మానుకొనునా యనునది తేలవలసి యుండెను. ఆమె అనుమతితోడనే ఈ సంగతి వ్రాయుచున్నాము. పేరు మాత్రము చెప్పము.

రెండు సంవత్సరముల క్రిందట రెండవ కాన్పైన మూడవ నెలలో ఆమె మాటలు తగ్గినవి. పిల్లవాడు ఏడ్చుచుండగా ప్రక్కనే కూర్చుండి గోడవైపు చూచుచుండెడిది. రాత్రులు నిద్ర లేదు. పప్పులో ఉప్పు వేయుట మరచెడిది. వేయలేదని యెవరైన అనినచో రెండు దినములు అన్నమే తినకుండెడిది. ఇంటివారు దిష్టి యనిరి, తాయెత్తు కట్టించిరి. పుట్టింటి గారాబమని యొకరు, బాలింత నీరసమని యొకరు చెప్పిరి. కాన్పు పిమ్మట కొందరు తల్లులకు వచ్చు ఈ దిగులు ఒక జబ్బనియు, దానికి చికిత్స కలదనియు మా యింటిలో నెవరికిని తోచలేదు. చదివినవారమైన మాకును తోచలేదు. ఈ తప్పులో మాకును పాలు కలదు.

తుదకు ఒక నగరములోని యొక వైద్యునికడకు తీసికొనిపోయితిమి. ఆయన ప్రశ్నలన్నియు ఆమె భర్తను అడిగెను. ఉత్తరములన్నియు కాగితముపై వ్రాసికొనెను. లేచునప్పుడు, "ధైర్యంగా ఉండాలమ్మా, అన్నీ ఉన్నాయి కదా మీకు" అనెను. వ్రాసియిచ్చిన మందు మంచిదే కావచ్చును. కాని మరదలు పది దినములు మ్రింగి మానివేసెను. మరల పోదము రమ్మనిన రాలేదు. కారణము మాకు చాలకాలమునకు చెప్పినది. "ఆయప్ప నా మొగమే చూడలేదు వదినా. నన్ను చూడనోడు నా జబ్బునేం చూస్తాడు?"

ఆ మాట విన్న తరువాత మేము బెంగుళూరులో మరియొకరిని వెదకితిమి. ఈమె మాటలతో చికిత్స చేయు స్త్రీ. కోలారు ప్రాంతపు తెలుగు మాటలాడునది. మందు వ్రాయుటకు వేరుగ నొక వైద్యుడు కలడు. మొదటిదినమున ఆమె భర్తను, అత్తగారిని, మమ్మును బయట కూర్చుండుడని మర్యాదగా చెప్పి తలుపు వేసికొనెను. లోపల మరదలు చాలసేపు ఒక్క మాటయు పలుకక కూర్చుండెనట. ఆమె తొందరపెట్టలేదట. తుదకు, "ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు?" అని మాత్రము అడిగెనట. ఆ ప్రశ్నకు మా మరదలు ఏడ్చినది. ఏడు వారములకు నిద్ర వచ్చినది. పప్పులో ఉప్పు వచ్చినది. పిల్లవాని నెత్తుకొని వీధి అరుగుమీద నిలుచుట మేము కన్నులార చూచితిమి.

అట్లు సాగుచుండగా తొమ్మిదవసారి పోయివచ్చి, ఇక పోనని చెప్పెను. కారణము చెప్పలేదు. చికిత్సకురాలు ఫోను చేసినను తీయలేదు. మా ప్రయాణము సరిగా ఆ వారముననే పడినది.

హిందూపురములో ఆ రాత్రి భోజనములైన పిమ్మట మిద్దెమీద కూర్చుండి యుండగా అత్తగారు మమ్మడిగిరి. "ఏమ్మా, నువ్వు చదువుకున్నదానివి. మందుకు డబ్బులిస్తాం, సరే. మాటలకు డబ్బులిచ్చేదేంది? ఆ మాటలు మేం మాట్లాడితే తగ్గదా?" మరదలు వినుచునే చింతపండు గింజలు తీయుచుండెను. ఈ ప్రశ్న ఎగతాళికి అడిగినది కాదు. మాకు తెలిసినంత చెప్పితిమి.

వియన్నా నగరమున 1880వ సంవత్సరమున బ్రాయరను వైద్యునికడకు ఒక యువతి వచ్చినది. తండ్రికి ఉపచారము చేయుచు తానే జబ్బుపడినది. ఆమె తన మనస్సులోని వానిని ఒక్కొక్కటిగా చెప్పుకొనునప్పుడు కొన్ని బాధలు తగ్గుచుండుట బ్రాయరు గమనించెను. ఆ పద్ధతికి మాటల వైద్యమని పేరుపెట్టినది ఆ రోగియే. 1895లో బ్రాయరును, ఫ్రాయిడును కలిసి ప్రకటించిన గ్రంథములో ఆమె కథ మారుపేరుతో వచ్చినది. కథలో వ్రాసినంత సులభముగ ఆమెకు నయము కాలేదు. ఆ చికిత్స ముగిసిన తరువాత కూడ ఆమె ఆసుపత్రులలో నుండవలసి వచ్చెను. కాని ఆమె కోలుకొని, బెర్తా పాపెన్‌హైమను తన నిజమైన పేరుతో జర్మనీలో 1904లో యూదుస్త్రీల సమాజమును స్థాపించి, దిక్కులేని బాలికలకు తల్లివలె పని చేసినది. మన దేశములో 1922లో కలకత్తాలో గిరీంద్రశేఖర బోసు మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. కావున ఇది నిన్న మొన్న వచ్చిన వింత కాదు.

"అయితే ఆ మాటల్లో మంత్రమేముంది?" అని అత్తగారు మరల అడిగిరి. పండితులును ఇదే ప్రశ్న అడిగిరని చెప్పితిమి. మానసిక చికిత్సలో పద్ధతులు అనేకములు. ఒకరు బాల్యమును తవ్వుదురు; ఒకరు ఆలోచనల వంకరలను దిద్దుదురు; ఒకరు దినచర్యను మార్పింతురు. ఇన్ని పద్ధతులును కొంతకు కొంత మేలుచేయుచున్నవనిన, వాని నన్నింటికిని పొదుపుగా ఉమ్మడియగు గుణమొకటి యుండవలెనని 1936లోనే అమెరికాలో రోజెన్‌జ్వైగను నతడు వ్రాసెను. కార్ల్ రోజర్సు 1957లో ఆ గుణమును విప్పి చెప్పెను. చికిత్స చేయువాడు ముసుగు లేక నిజాయితీతో నుండవలెను. రోగిని షరతు లేకుండ ఆదరింపవలెను. రోగి బాధను ఆమె కన్నులతోడనే చూడ నేర్వవలెను. ఆ ఆదరము రోగికి తెలియవలెను. ఇది ఉన్నచో మార్పు వచ్చునని అతని వాదము.

1979లో బోర్డిను దీనిని మరికొంత స్పష్టపరచెను. వైద్యునికిని రోగికిని కుదురు పొత్తులో మూడు పాళ్లు కలవనెను. ఏది బాగుపడవలెనో ఇద్దరు నొప్పుకొనుట మొదటిది. అందులకు ఎవరు ఏమి చేయవలెనో ఒప్పుకొనుట రెండవది. ఒకరియందొకరికి నమ్మకము మూడవది. ఈ మూడింటిలో ఒకటి లోపించినను బండి నిలిచిపోవును. "ఎవరైన మంచి మంత్రసాని చేసేదీ ఇదే కదా" యని అత్తగారనిరి. నిజమే. మంత్రసాని నొప్పులను తాను పడదు. కాని తల్లి ఆమె చెయ్యి పట్టుకొనును, ఆమె చెప్పినప్పుడు బలము పట్టును. ఆ నమ్మకము లేనిచోట ఎంత నేర్పరితనమున్నను పని కష్టమగును. ఇంటివారి మాటలు ఎంత ప్రేమగలవైనను వీనికి సరిపోకపోవుటకు కారణము కూడ ఇందే కలదు. ఇంటివారికి రోగి మారవలెనని ఆతురము. ఆమె మాటలో తమ తప్పు వినబడునేమో యని భయము. బయటి మనిషికి ఆ భయము లేదు.

మరునాడుదయము రైలులో పెనుగొండకు పోయితిమి. దూరమునుండియే కొండ కనబడును. నిటారుగ లేచిన రాతికొండ, దానిపై ముక్కలైన కోటగోడలు. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలిన తరువాత తిరుమలరాయలు మిగిలినదానిని కూడగట్టుకొని ఇచ్చటికే వచ్చెను. కొంతకాలము రాజ్యమునకు ఇదియే రాజధాని. ఊరిలో గగనమహలు నేటికిని నిలిచియున్నది. రాజులు విడిది చేసిన ఆ మేడలో హిందువుల శిల్పమును, తురకల కమానులును పక్క పక్కన కూర్చున్నవి. పాత జైనాలయమును, దేవాలయములును, మసీదును ఈ చిన్న ఊరిలోనే కలవు. ఊరికి కొంత దూరమున ఎఱ్ఱమంచికడ 2019 నుండి పెద్ద కార్ల కర్మాగారము పనిచేయుచున్నది. పనిముగించుకొని వచ్చు పిల్లలతో బస్సులు నిండియుండుట చూచితిమి.

మేము బాబయ్య దర్గాకు పోయితిమి. హిందూ స్త్రీలును, ముసల్మాను స్త్రీలును ఒకే వరుసలో కూర్చుండిరి. ఒక తల్లి తన యువకుని తల ఒడిలో పెట్టుకొని తడవుగా నిమురుచుండెను. ఎవరును ఆమెను ఏమని అడుగలేదు. అత్తగారు మ్రొక్కు చెల్లించి వచ్చి మెల్లగా అనిరి: "ఇక్కడ ఎవురూ ఏమీ అడగరమ్మా. ఏడిస్తే ఏడవనిస్తారు. అందుకే వస్తా." మేము ఆమె వైపు తెల్లబోయి చూచితిమి. మాటలతో ఎట్లు నయమగునని నిన్న రాత్రి అడిగిన ఆమెయే ఈ మాట అన్నది.

ఇందలి సత్యమును వైద్యులును పరీక్షించిరి. బెంగుళూరు నిమ్హాన్సుకు చెందిన పండితులు తమిళనాటి యొక గుడిలో ఆశ్రయము పొందిన 31 మంది రోగులను గమనించి 2002లో ప్రకటించిరి. సగటున ఆరు వారములు అచట నుండిన వారి రోగలక్షణములు సుమారు ఐదింట నొక పాలు తగ్గినవట. మందులు లేవు, ప్రత్యేకమగు క్రతువులును లేవు. ఆదరముగల ఆశ్రయమే అందులకు కారణము కావచ్చునని వారు వ్రాసిరి. అయితే దీనికి రెండవ ముఖమును చెప్పక పోరాదు. 2001వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీన అదే తమిళనాట ఎర్వాడిలో దర్గాను ఆశ్రయించి వెలసిన ఒక వసతిగృహము కాలిపోయినది. గొలుసులతో కట్టివేయబడిన రోగులు పారిపోలేక 28 మంది మరణించిరి. ఆశ్రయమును గొలుసును ఒకటి కావు. రోగిని మనిషిగా చూచినచోట ఆశ్రయము. చూడనిచోట, అది గుడి కానిండు, దర్గా కానిండు, పెద్ద ఆసుపత్రి కానిండు, గొలుసే.

కొండ మెట్లు కొన్ని యెక్కి ఒక బండమీద కూర్చుంటిమి. అత్తగారు క్రిందనే నీడలో నుండిరి. మరదలు కోటవైపు చూచుచు, "ఇంత పెద్ద కోట ఉండీ రాజ్యం నిలబడలేదు కదా వదినా" అనెను. కొండ రాజ్యమును గెలువదు. ఓడినవారికి ఊపిరి తీసికొనుటకు చోటిచ్చును. ఆపైని పని మనుష్యులు చేయవలసినదే యని మేమంటిమి. అప్పుడు మేము చదివిన లెక్క యొకటి జ్ఞప్తికి వచ్చినది. 2018లో కొందరు పండితులు ఈ పొత్తును గూర్చిన 295 పరిశోధనలను, 30,000 మందికి పైబడిన రోగుల వృత్తాంతములను కలిపి లెక్కించిరి. పొత్తు బాగుగ కుదిరినచోట ఫలితమును బాగుగ నున్నదని తేలినది. పద్ధతి యేదైనను, దేశమేదైనను ఇదే జాడ. కాని రోగులకు కలుగు ఫలితములలోని తేడాలలో దీనివలన వివరింపదగినది నూటికి ఎనిమిది పాళ్లు మాత్రమే. తక్కినది రోగియొక్క బలము, ఇంటి పరిస్థితి, జబ్బు తీవ్రత, చికిత్సకుల నేర్పు, మందు మొదలగువాని పాలు. ఎనిమిది పాళ్లు చిన్నదని తోచవచ్చును. మానసిక చికిత్సలో కొలువ వీలైన కారణములలో ఇంతకు మించి నిలకడగా కనబడునవి తక్కువ. అది కొండవంటిది, అదియే విజయము కాదు, కాని అది లేక మొదలుపెట్టుట కష్టము.

నయమగుచున్న రోగికి వైద్యునిపై ప్రీతి కలుగుట సహజము గదా, అట్లయిన ఏది ముందు, ఏది వెనుక యని చదువరులు అడుగవచ్చును. పండితులును అడిగిరి. ప్రతి భేటీకిని రెంటిని విడివిడిగా కొలిచి చూడగా, బాగుపడుటవలన పొత్తు పెరుగుటయు నిజమే. ముందు పొత్తు కుదురుటవలన తరువాత బాగుపడుటయు నిజమే. అత్తకోడండ్ర సఖ్యమువలె ఒకటి రెండవదానిని పెంచును.

మధ్యాహ్నపు బండిలో ధర్మవరము చేరితిమి. స్టేషనునుండి వీధులలో ప్రవేశించినంతనే మగ్గముల చప్పుడు చెవిని సోకును. వెడల్పాటి అంచులకును, జరీ పవిటలకును పేరుపడిన ధర్మవరపు పట్టుచీరలు తెలియని తెలుగింటి ఆడువారు అరుదు. ఒక చీర వెనుక ఎంతమంది చేతులు కలవో మాత్రము కొన్నవారిలో పెక్కుమంది యెరుగరు. పురి పెట్టువారు, రంగు అద్దువారు, పడుగు సాగదీయువారు, కండెలు చుట్టు ఇల్లాలు, నేయు మగడు. మరమగ్గముల పోటీ వలనను, పట్టుధర హెచ్చుటవలనను ఎన్ని యిండ్లు అప్పులలో మునిగెనో ఆ వీధులవారే చెప్పగలరు. ఆ యిండ్లలోను దిగులు కలదు. దానిని చెప్పుకొనుటకు తీరిక మాత్రము లేదు.

చీరలు బేరమాడుచుండగా అమ్మువారి పెరటిలోని గుంటమగ్గమును చూచుటకు పోయితిమి. నడివయస్కుడైన నేతగాడు నేయుచుండగా పడుగులో ఒక పోగు తెగినది. అతడు మగ్గమాపి, వంగి, తెగిన కొసను వెదకి పట్టుకొని, చిన్న పోగుముక్కను జతచేసి, వేళ్లకొసలతో ముడివేసి, ముడిని నలిపి చదునుచేసి, మరల నాడెను తీసికొనెను. మరదలు అక్కడనే నిలబడి, "అన్నా, దినానికి ఎన్నిసార్లు తెగుతాయి?" అని యడిగెను. "లెక్క పెట్టలేదమ్మా. తెగకుండా నేసినోడు నాకు తెలీదు. తెగింది చూడకుండా నేస్తేనే తప్పు. బట్టలో గీత పడిపోతుంది" అని అతడు చెప్పి పనిలో మునిగిపోయెను.

మేమేమియు అనలేదు. పండితులు చెప్పునది ఆ క్షణమున మా మనస్సులో నుండెను గాని, అప్పుడు చెప్పినచో పాఠము చెప్పినట్లగునని యూరకుంటిమి. సోదరీమణులకు ఇచ్చట చెప్పుదుము. చికిత్సలో పొత్తు ఎల్లకాలము నునుపుగ నడువదు. ఎంత నేర్పరియైనను ఎప్పుడో ఒక మాట తొందరపడి అనును, లేక రోగి చెప్పినదానిని తప్పుగ గ్రహించును. రోగి అప్పుడు రెండు విధముల వెనుకకు పోవును. కొందరు కోపముతో ఎదురాడుదురు. పెక్కుమంది, అందును మన యిండ్లలో పెరిగిన ఆడుపిల్లలు, మారుమాటాడక తలయూపి, మరునాటినుండి రాక మానుకొందురు. ఈ తెగులును సఫ్రాను, మురాను అను అమెరికా పండితులు చాలకాలము పరిశీలించిరి. పొత్తు తెగి, దానిని గుర్తించి మరల అతికినచోట ఫలితము బాగుగ నుండునని పరిశోధనలు చూపినవి. నొచ్చుకొంటినని చెప్పుట, చెప్పినందులకు తరుమబడకుండుట, ఎదుటివారు తమ పొరపాటును ఒప్పుకొనుట మనలో చాలమందికి పుట్టినింటను మెట్టినింటను దొరకని యనుభవము. ఒక్కసారి అది దొరికినచో అదియే చికిత్సయగును.

తిరుగు ప్రయాణమున చీకటిపడినది. అత్తగారు కిటికీకానుకొని కునుకు తీయుచుండిరి. మరదలు చీరల సంచిని ఒడిలో పెట్టుకొని మెల్లగా చెప్పినది. తొమ్మిదవసారి పోయినప్పుడు ఆ చికిత్సకురాలు, "మీ అత్తగారితో ఈ మాట మీరే సూటిగా చెప్పొచ్చు కదా" అనినదట. "అంత సుళువా వదినా? ఆమె ఈ మధ్య నాకోసం ఎన్ని తగ్గించుకుందో నీకు తెలుసు. ఆ మాటకి నాకు అనిపించింది, ఈమె కూడా నన్ను చూడటం మానేసిందని." కొంతసేపు ఊరకుండి, "ఈ మాట ఆమెతోనే చెప్పచ్చా? ఏమనుకుంటుందో" అనెను.

చెప్పవచ్చుననియు, చెప్పినప్పుడు ఆమె ఏమి చేయునో దానినిబట్టియే ఆమెకడ నుండవలెనో వలదో తేల్చుకొమ్మనియు మేమంటిమి. అంతకన్న హెచ్చుగ బలవంతము చేయలేదు. హిందూపురము వచ్చువరకు ఆమె మరల మాటాడలేదు. దిగునప్పుడు అత్తగారు కన్నులు తెరవకయే, "మంగళవారం పిల్లోణ్ణి నేను చూసుకుంటాలే" అనిరి. ఆమె నిద్రపోవుచుండలేదని అప్పుడు తెలిసినది.

మంగళవారము మరదలు బెంగుళూరు వచ్చెను. లోపల జరిగినదంతయు ఆమె సొంతము, మేమడుగలేదు. ఆమె చెప్పినది ఇంతమాత్రమే. "నాకు నొప్పి కలిగింది అన్నా. ఆమె వెంటనే సర్దిచెప్పలేదు. కాసేపు ఆగి, తొందరపడ్డాను, మన్నించండి, చెప్పినందుకు మేలు చేశారు అంది. నాకు పెద్దవాళ్లెవరూ అట్లా అనలేదు వదినా." పిమ్మట ఆమె పద్నాలుగు సార్లు పోయినది. పూర్ణముగ నయమైనదని మేము చెప్పము. కొన్ని దినములు దిగులు తిరిగి వచ్చును. వచ్చినప్పుడు ఇప్పుడామె చెప్పుకొనును.

ఈ యాత్రవలన మేము నేర్చినదానిని సోదరీమణులకు మనవిచేసి ముగింతుము. ఇంటిలో నెవరికైన దిగులు పట్టినచో ఆలసింపక చూపింపవలెను. కాన్పైన తల్లుల విషయమున మరింత జాగ్రత్త యవసరము. తన ప్రాణమునకో బిడ్డకో కీడు తలపెట్టు మాట వినబడినచో ఆ దినమే వైద్యునికడకు పోవలెను. చికిత్సచేయువారు రోగితో నేరుగ మాటాడుచున్నారా, ఆమెకు వచ్చిన భాషలో మాటాడుచున్నారా, తలుపు వేసికొని విందురా యని చూడవలెను. రోగి చెప్పిన రహస్యమును కాపాడుట 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమున 23వ విభాగము ప్రకారము రోగికి హక్కు. అందుచే లోపలేమి చెప్పితివని ఇంటికి వచ్చినంతనే అడుగుట మనకు తగదు. మొదటి కొన్ని భేటీలలోనే నమ్మకము కుదిరినదో లేదో కొంత తెలియును. కుదరనిచో ఆ మాట వారితోనే చెప్పి చూడవలెను. చెప్పినను మారనిచో మరియొకరిని వెదకుకొనుట తప్పు కాదు. అయితే మాత్రలను మాత్రము వైద్యుని అడుగక ఆపరాదు.

చికిత్సకులు మన చుట్టములు కారు. వారు మనయింటి పెండ్లికి రావలెననియు, రాత్రి వేళ మన ఫోనెత్తవలెననియు కోరరాదు. వారును మనవలన కానుకలు గాని, చనువు గాని కోరరాదు. ఆ గీత నిలిచినప్పుడే లోపలి మాట నిర్భయముగ వెలువడును. జె. ఎస్. నేకి యను మన వైద్యపండితుడు 1973లో దీనిని గురుశిష్య సంబంధముతో పోల్చి చూచెను. మన దేశమున పెద్దరికముగల యొకరి చెంత ఒదిగి నేర్చుకొనుట అలవాటు గనుక, చికిత్సకులు దూరపు మనుష్యులవలె గాక ఆదరముతో దారిచూపిననే మనవారికి మేలని అతని యభిప్రాయము. కాని మంచి గురువు శిష్యురాలు తన కాళ్లపై నిలువవలెననియే కోరునని మేము దీనికి చేర్చుదుము.

పెద్ద నగరములకు పోలేనివారు నిరాశపడనక్కరలేదు. మనకు పొరుగుననున్న బళ్లారి జిల్లాలో 1980వ దశకమున నిమ్హాన్సువారు సామాన్య వైద్యులకును ఆరోగ్య కార్యకర్తలకును తర్ఫీదిచ్చి చూపిన మాదిరియే తరువాత దేశమంతట జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు దారితీసినది. గోవాలో ఊరివారికే తర్ఫీదిచ్చి, తీవ్రమగు దిగులుగలవారికి ఆరు మొదలు ఎనిమిది భేటీలు జరిపింపగా, మూడు నెలలకు నూటికి 64 మందికి దిగులు తీరినదనియు, మామూలు వైద్యము పొందినవారిలో 39 మందికే తీరినదనియు 2017లో ప్రకటించిరి. ఆ చికిత్సకులకు పెద్ద పట్టములు లేవు. ఊరి భాష తెలియును, వినుట నేర్చిరి. 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి మానసు వారికి 14416 అను సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగ ఫోను చేయవచ్చును. తెలుగుననే మాటాడవచ్చును.

మొన్న మరల హిందూపురము పోయితిమి. స్టేషనుకు మరదలు పిల్లవానిని చంకనెత్తుకొని వచ్చినది. ధర్మవరమున కొన్న చీర కట్టుకొనియుండెను. పిల్లవాడు జరీ అంచును నోటిలో పెట్టుకొనుచుండగా, అత్తగారు వెనుకనుండి, "చీర పాడవుతుంది, లాగెయ్యమ్మా" అని కేకవేసిరి. మరదలు వెనుకకు తిరిగి, "అత్తమ్మా, నేను చూసుకుంటా, నువ్వు ఊరికే ఉండు" అని సూటిగా చెప్పినది. అత్తగారు ఒక్క నిమిషము ముఖము చిన్నబుచ్చుకొని, మా సంచి నందుకొని నడచిరి. ముగ్గురమును చింతపండు బజారు మీదుగ ఇంటికి పోయితిమి.